పాట చెప్పిన మామ్మ

ఫోన్ చేసింది ఇన్సేన్ చర్చి పెద్ద. పొద్దున్నే తామ్వేలో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. "మామ్మ ఎల్లిపోనాది బాబూ" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, ఊపిరైనా తీసుకోకుండా, "మరి పాటెవలు సెప్తారు?" అన్నాడు.

చావు కబురు చెప్పినవాడు ఆ వెంటనే అడగాల్సిన ప్రశ్న కాదు. కానీ మావాళ్ళలో ఎవరైనా అదే అడుగుతారు. నేనూ మెట్ల మీదే నిలబడిపోయి ముందు దాని గురించే ఆలోచించాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

పాట చెప్పడమంటే ఏమిటో చెప్పాలి. అంతకన్నా ముందు, చర్చివాళ్ళని మావాళ్ళు అంటున్నాను గాని మాది హిందువుల ఇల్లని కూడా చెప్పాలి. మా ముత్తాత సేక్కాన్ రేవులో బస్తాలు మొయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మా వచ్చినవాడు. మా నాన్న ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. మేమున్న క్వార్టర్ల వెనక గోడే చర్చి ప్రహరీ. మా గుళ్ళో పూజారి తమిళాయన, మంత్రాలు సంస్కృతం, మాటలు తమిళం. బడిలో బర్మీస్. వీధిలో బర్మీస్. ఇక ఇల్లు దాటితే తెలుగు వినపడే చోటంటూ ఉంటే, ఆదివారం సాయంత్రం ఆ చర్చిలో. అందుకని మా అమ్మ నాకు తల దువ్వి పంపించేది. "ఎల్లు, కూకో. నాలుగు తెలుగు ముక్కలు సెవిన పడతాయి" అనేది. అక్కడ దేవుడెవరన్నది ఆవిడకి పట్టలేదు.

ఆ చర్చి ఎంత చిన్నదంటే రైల్లోంచి చూసేవాళ్ళు దాన్ని స్టేషను తాలూకు గోదాము అనుకుంటారు. ఎర్ర ఇటుక గోడలు, కొసతేలిన కిటికీలు, ముందు వైపు ఒక్క గంట వేలాడేంత చిన్న గోపురం. విక్టోరియా రాణి కాలంలో రైలింజన్లు నడపడానికి వచ్చిన తెల్లవాళ్ళు కట్టించుకున్నారు. అప్పట్లో చుట్టూ వరిమళ్ళే. వాళ్ళ దేశంలో పల్లెటూళ్ళో చర్చి ఎలా ఉంటుందో అచ్చం అలాగే కావాలని కట్టించుకున్నారట. ఇటుకలు మోసింది మాత్రం మావాళ్ళు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, వరిమళ్ళు ఇళ్ళయిపోయాయి. పొద్దుట ఆరాధన బర్మీస్‌లో, సాయంత్రం తెలుగులో. ఇంగ్లీషు ఆరాధన ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తులేదు. తొక్కితే మోగే పాత ఆర్గన్ ఒకటి ఉంది. దాని తిత్తి ఎలుకలు కొరికేశాయి. మీద పూలకుండీ పెట్టుకుంటున్నారు.

ఆ చర్చిలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు దాదాపు లేరు. అందుకని ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది. ఒకరు పాటలో ఒక పాదం చెబుతారు. అందరూ ఆ పాదం పాడతారు. మళ్ళీ ఆ ఒకరు రెండో పాదం చెబుతారు, అందరూ పాడతారు. పుస్తకం అక్కర్లేదు, అక్షరం అక్కర్లేదు. ముందు మామ్మ మామగారు చెప్పేవాడు. ఆయన తర్వాత మామ్మ. నాకు ఊహ తెలిసేటప్పటికే మామ్మ.

మామ్మది గట్టి గొంతు. వారమంతా పొద్దున్నే ఉడకబెట్టిన బఠానీల తట్ట నెత్తిన పెట్టుకుని "పే…బ్యో…" అని అరుస్తూ ఇన్సేన్ వీధులన్నీ తిరిగేది. బర్మావాళ్ళు ఆ కేక విని పొయ్యిమీద టీనీళ్ళు పెట్టుకునేవారు. చెంపలకి తనకా గంధం, నడుముకి లుంగీ, చెవులకి ఎర్రరాళ్ళ దుద్దులు. ఆదివారం సాయంత్రం మాత్రం చీర. ఆ చీర కట్టుకోగానే ఆవిడ నడకే మారిపోయేది. తట్ట లేకపోయినా తల కదపకుండా నడిచేది.

లోపలికి వచ్చే ముందు అందరూ చెప్పులు విడిచేవారు. మామ్మ చెప్పులు విడిచి ఇంకో పని కూడా చేసేది. గుమ్మానికి ఎడమ పక్కన, నడుమెత్తున, ఒక ఇటుక మీద నాలుగు వేళ్ళు పడిన గుంటలున్నాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో పట్టుకున్న గుర్తు. మామ్మ తన నాలుగు వేళ్ళూ అందులో పెట్టి ఒక క్షణం నిలబడేది. "ఎవరివి మామ్మా ఆ వేళ్ళు?" అంటే ఒకసారి "మా ముసల్దానివిరా" అనేది. ఇంకోసారి మేనత్తవి అనేది. ఒకసారి మా ముత్తాతవేనని నాకే చెప్పింది. నేను నమ్మాను. ఇప్పటికీ సగం నమ్ముతాను. అడిగినవాళ్ళ మనసుకి ఎవరు కావాలో వాళ్ళని ఆ ఇటుకలోంచి తీసి ఇచ్చేసేది.

గోడలకి ఇత్తడి పలకలుండేవి. జ్వరాలొచ్చి చచ్చిపోయిన తెల్లవాళ్ళ పేర్లు. క్రిస్మస్ ముందు మామ్మ వాటిని చింతపండుతో తోమేది. అన్నిటినీ ఒక రకంగా తోమేది కాదు. ఒక చిన్న పలకని మాత్రం కొంగుతో మళ్ళీ తుడిచేది. "ఇది సదువురా" అని నన్ను అడిగింది ఒకసారి. ఇంజను డ్రైవరు కొడుకు, రెండేళ్ళు. చెప్పాను. "నాకు తెలుసు. చిన్నది కదా పలక, చిన్నోడే అయ్యుంటాడు" అంది. కొంగు దులుపుకుంటూ, "ఆళ్ళూ ఊరు కాని ఊరొచ్చి పడ్డోళ్ళే కదరా" అంది.

పాత కట్టడాల ఫొటోలు తీసే కాలేజీ అమ్మాయి ఒకర్తి వచ్చిందోసారి. కిటికీలు, దూలాలు, గంట అన్నీ తీసుకుని, చివరికి మామ్మని బర్మీస్‌లో అడిగింది, ఇక్కడ అన్నిటికన్నా పాతది ఏదని. మామ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "నేనే" అంది. ఆ అమ్మాయి నవ్వి ఆవిడ ఫొటో కూడా తీసింది. అది ఎక్కడుందో గాని ఒక్కసారి చూడాలని ఉంది నాకు.

ఎన్ని పాటలు చెప్పినా మామ్మ పాట ఒకటుంది. ఏ పుస్తకంలోనూ లేదు. రేవులో పనిచేసే కూలీ ఎవరో కట్టాడని చెప్పేవారు.

"దూరపు రేవున దీపము నీవే" అని మామ్మ చెప్పేది. మేం పాడేవాళ్ళం.

"దారులు తప్పిన నావను నేనే" అనేది. పాడేవాళ్ళం.

"తీరము చేర్చుము తండ్రీ."

పెళ్ళయినా, పేరు పెట్టినా, మనిషి పోయినా ఆ పాటే. చెప్పేటప్పుడు రాగం తియ్యదు, బఠానీలు అమ్మినట్టు అరవదు. ఎదురుగా ఉన్న మనిషికి దారి చెబుతున్నట్టు చెప్పేది. చెప్పేసి నోరు మూసుకుని మా మొహాలు చూసేది. వెనక బెంచీలో ముసలివాళ్ళు ఈడ్చి ఈడ్చి పాడేవారు. ఆఖరి ముసలాయన ఆఖరి అక్షరం ముగించేదాకా రెండో పాదం ఎత్తేది కాదు. మామ్మ కోడలు కరెన్ జాతి ఆవిడ. తెలుగు ముక్క రాదు. వారమంతా అత్తా కోడలూ బర్మీస్‌లో పోట్లాడుకునేవారు. ఆదివారం సాయంత్రం మాత్రం అత్త అన్నదల్లా కోడలు తు.చ. తప్పకుండా తిరిగి పాడేది. అత్త మాటకి ఎదురు చెప్పని పూట అదొక్కటే అని మా అమ్మ నవ్వేది.

ఇక తలుపు సంగతి. నేను అప్పటికి చిన్నవాణ్ణి. జూన్ నెల. మామ్మ పాటే నడుస్తోంది, మూడో చరణం.

"గాలికి చెదరిన గువ్వను నేనే" అని చెప్పింది. పాడుతున్నాం. ఆవిడ మాకు ఎదురుగా కూర్చుంటుంది గనక పడమటి తలుపులోంచి ఆవిడకే ఆకాశం కనిపిస్తుంది. వర్క్‌షాపు షెడ్ల మీద నల్లగా కమ్ముకొచ్చేసింది. ఆ తలుపు తెరిచి ఉంటే జల్లు నేరుగా వెనక బెంచీల మీదే కొడుతుంది. మేం పాడడం అవగానే మామ్మ అదే గొంతుతో, అదే తీరున, "తలుపెయ్యండర్రా, వానొస్తన్నాది" అంది.

మేం పాడేశాం.

గుంటలం, పెద్దలం, కరెన్ కోడలు, వెనక బెంచీ ముసలాళ్ళు, అందరం గొంతెత్తి, రాగం తీసి, "తలుపెయ్యండర్రా వానొస్తన్నాది" అని పాడేశాం. చెప్పింది పాడడం ఒక్కటే మాకు తెలుసు. ఒక్కడంటే ఒక్కడు లేవలేదు. వాన వచ్చి వెనక బెంచీ వాళ్ళ వీపుల మీదే పడింది. మామ్మే లేచి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, వెళ్ళి తలుపు గెంటి గడియ పెట్టి, తిరిగొచ్చి కూర్చుని, "ఓలమ్మా! ఈళ్ళనేటి సెయ్యాల నేను!" అంది. అది కూడా పాడబోయి ఎవరో ఆగిపోయారు. అప్పుడు పగిలింది నవ్వు.

తర్వాతి ఆదివారం ఎండ కాస్తోంది. మూడో చరణంలో అక్కడికి రాగానే పిల్లలందరం ఆవిడ చెప్పకుండానే ఆ మాట పాడేశాం. విసనకర్ర విసిరింది మా మీదికి. ఆ పైవారం కూడా పాడాం. కొన్నాళ్ళు కోప్పడింది, కొన్నాళ్ళు విననట్టు ఊరుకుంది. ఆ తర్వాత పిల్లలు మారారు. కొత్తవాళ్ళకి అది పాటలో ఉన్నదే అనుకోవడం అలవాటైంది. నేను ఉద్యోగం వచ్చి తామ్వే వెళ్ళిపోయి, ఎప్పుడో ఒక ఆదివారం ఊరు చుట్టూ తిరిగే రైలు, చుట్టుబండి ఎక్కి ఇన్సేన్ వచ్చేసరికి, మామ్మ తనే ఆ మాట చెబుతోంది, దారి చెప్పినట్టు అదే గొంతుతో. "గాలికి చెదరిన గువ్వను నేనే. తలుపెయ్యండర్రా, వానొస్తన్నాది. గూటికి చేర్చుము తండ్రీ." వింటే అతికినట్టే ఉంది. లేచి తలుపు వేసినవాడు మాత్రం ఎప్పుడూ లేడు.

తర్వాత వచ్చిన పాదిరిగారిని అందరం సయా అంటాం. బర్మా ఆయన, నెమ్మదస్తుడు. తెలుగు ఆరాధనలో మామ్మ మొహం చూసి ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలుసుకునేవాడు. ఒకరోజు ఆ పాటకి అర్థం చెప్పమని నన్ను పక్కకి పిలిచాడు. రేవు, దీపం, నావ, గువ్వ, అన్నీ చెప్పి, ఆ మాట దగ్గర ఆగాను. చెప్పాను. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. "మరి ఎవరూ వెయ్యరేం?" అన్నాడు.

ఏళ్ళు గడిచేకొద్దీ బెంచీలు ఖాళీ అయ్యాయి. కుర్రాళ్ళు థాయిలాండు, మలేషియా పట్టిపోయారు. వెనక బెంచీ ముసలాళ్ళని ఒక్కొక్కర్నీ మామ్మే పాట చెప్పి సాగనంపింది. చర్చి కమిటీలో మాట వచ్చింది. మామ్మ ఉన్నన్నాళ్ళూ తెలుగు ఆరాధన ఉంటుంది, తర్వాత బర్మీస్‌లో కలిపేద్దాం, చెప్పేవాళ్ళు లేనప్పుడు పాడేదెలా అని. తప్పు మాటేం కాదు. ఎవరూ గొడవ పెట్టుకోలేదు. మామ్మ కూడా తల ఊపిందట.

ఆ తర్వాతి వారం నేను వెళ్తే, ప్రహరీ అరుగు మీద కూర్చుని, "గుంటడా, ఇలా రా" అంది. నాకు నలభై దాటాయి, గుంటణ్ణే. "అందర్నీ నేనే పంపినాను కదరా. మీ అమ్మ మనది కాపోయినా, ఆవిడ శవం ఈ ఈది దాటినప్పుడు గోడ కాడ నిలబడి సెప్పినాను. నన్నెవలు పంపుతారు?"

ఆవిడకి చావంటే భయం లేదు. ఆ భయం వేరు. తన పెట్టె దగ్గర ఆ పాట తెలుగులో ఉండదేమో, పరాయి భాషలో తనని దించేస్తారేమో అని. "నేనెల్లిపోయాక సర్చి ఏవైతే అవనీ. నన్ను పెట్టీనపుడు మట్టుకి మన పాటుండాల" అంది. ఆవిడ ఇంకొకళ్ళని ఏదైనా అడగడం నేను చూడ్డం అదే మొదలు.

ఫోన్లో రికార్డు చేద్దామన్నాను. అరుగు మీదే కూర్చుని పాదానికీ పాదానికీ మధ్య ఆగుతూ పాటంతా చెప్పింది. ఆదివారం ఫోను ఆర్గన్ మీద పూలకుండీకి ఆనించి పెట్టాం. మొదటి పాదం బాగానే నడిచింది. రెండో పాదం దగ్గర వెనకవాళ్ళు ఇంకా ఈడుస్తూనే ఉన్నారు, ఫోను మూడో పాదం అందుకుంది. అంతా కలగాపులగం. మామ్మ కాసేపు ఓపిక పట్టి ఫోను మీదికే వెళ్ళింది. "దీనికి ఆగడం తెల్దురా! ఎవలి కోసం సెప్తంది ఇది?" అని.

మరి నువ్వే చెప్పరా అంది నన్ను. నేను మీ మతం కాదు మామ్మా అన్నాను. "పాట సెప్పడానికి మతవెందుకురా, గొంతుంటే సాల్దా" అంది. సరే కూర్చున్నాను. చెప్పాను. వాళ్ళు పాడుతుంటే నాకు ఊపొచ్చి నేనూ కలిసి పాడాను. వాళ్ళ గొంతులు మెల్లిగా తగ్గిపోయాయి. చివరికి నేనొక్కణ్ణే పాడుతున్నాను, మిగతావాళ్ళు వింటున్నారు. బయటికి వచ్చాక మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "అలా కాదురా. సెప్పీసి నువ్వు ఊరుకోవాల. నువ్వు కూడా పాడీస్తే ఆళ్ళకేటి మిగుల్తాది? నేనెప్పుడేనా పాడినానేటి?"

అప్పుడు తట్టింది నాకు. పుట్టి బుద్ధెరిగాక మామ్మ పాడగా నేను వినలేదు. ఎవరూ వినలేదు. అంతమందిని పాడించిన మనిషి ఆ పాటని ఒక్కసారైనా నోరారా పాడుకోలేదు.

అది జరిగిన ఎండాకాలం పోయి వానలు పట్టాయి. తర్వాత చర్చి పెద్ద దగ్గర్నుంచి ఆ ఫోను.

మట్టి చేసే రోజున వాన తెరిపి ఇచ్చింది. ఎండ చురుక్కుమంటోంది. ఆదివారాల్లో ఎప్పుడూ రానంత జనం వచ్చారు. బఠానీలు కొన్న బర్మా ఆడవాళ్ళు, మా క్వార్టర్లవాళ్ళు, అమ్మవారి గుడి కమిటీవాళ్ళు దండలు పట్టుకుని. గుమ్మం పక్క ఇటుక దగ్గర ఆగి నా నాలుగు వేళ్ళూ పెట్టాను. ఆవిడ వేళ్ళు సన్నం, నావి పూర్తిగా దిగలేదు.

పెట్టెలో మామ్మకి ఆదివారం చీర కట్టారు. సయా బర్మీస్‌లో ప్రార్థన ముగించి నా వైపు చూశాడు. నా జేబులో ఫోను ఉంది. ఆగడం తెలియని ఫోనే, అంతకన్నా దిక్కు లేదు. బయటికి తీశాను. పెట్టె తల దగ్గర నిలబడిన కోడలు నా చేతిలోది చూసి, వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది.

అందరం ఊరుకున్నాం. ఒక పాదం చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. మామ్మ చెప్పడం వినేటప్పుడు ఎలా నిలబడతామో అలాగే నిలబడ్డాం. అప్పుడు ఆ కరెన్ కోడలు, తెలుగు ముక్క రాని మనిషి, "దూరపు రేవున దీపము నీవే" అని ఎత్తుకుంది.

అందరం అందుకున్నాం. పాదం అయింది. ఆగాం. ఎవరూ ఆగమనలేదు. ఆ ఖాళీలో మామ్మ రెండో పాదం చెప్పి ఉంటుంది గదా, ఆ చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి, "దారులు తప్పిన నావను నేనే" అని పాడాం. మళ్ళీ ఆగాం. మాకు పాట రాదనుకుంటూ ఇన్నేళ్ళు బతికాం. అందరికీ వచ్చు. అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఆవిడ ఒక్కసారి, ఒక్క ఆదివారం, చెప్పకుండా ఊరుకుని చూసి ఉంటే తనే వినేది. ఆ సంగతి తెలియకుండానే భయపడి వెళ్ళిపోయింది.

మూడో చరణం వచ్చింది. గాలికి చెదరిన గువ్వను నేనే. ఆగాం. శవం దగ్గర ఇప్పుడు ఇది ఎలా అనుకున్నాను. కానీ చెప్పింది పాడడమే మాకు తెలుసు. మావాళ్ళంతా, ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే, నిండు గొంతులతో పాడారు.

"తలుపెయ్యండర్రా, వానొస్తన్నాది."

ఎవరూ నవ్వలేదు. కుర్చీ కదిలిన చప్పుడైంది. సయా లేచాడు. తెల్ల అంగీ అంచు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఎండ పడుతున్న పడమటి వైపు నడిచి వెళ్ళి, ఆ టేకు తలుపు గెంటి గడియ పెట్టి, మళ్ళీ వచ్చి తన చోట నిలబడ్డాడు. ఆయన వచ్చేదాకా ఆగి మేం గూటికి చేర్చమన్న పాదం పాడాం.

తెలుగు ఆరాధన కలిపెయ్యడం గురించి కమిటీలో ఆ తర్వాత ఎవరూ మాటెత్తలేదు. మొన్న ఆదివారం చుట్టుబండి ఎక్కి వెళ్ళాను. మామ్మ కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. చెప్పేవాళ్ళెవరూ లేరు. పాదం పాడి ఆగాం, పాడి ఆగాం. మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి నేను పడమటి వైపు చూశాను. బయట ఆకాశంలో మబ్బు తునక లేదు. సయా అప్పటికే లేచి నడుస్తున్నాడు.